రాయి పాతదే, మొన ఎప్పటిది?

అందరికీ నమస్కారం.

చెన్నై ఉక్కపోతలో, అదీ సెలవు రోజున, రాళ్ళ గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు సంతోషం. మీలో కొందరు రాళ్ళు కూడా వెంట తెచ్చారట. అమెరికాలో ఉన్న పిల్లలు ఇచ్చిన బాణం మొనలు, ఆన్‌లైన్‌లో కొన్నవి, ఊళ్ళో పొలం గట్టున దొరికినవి. అందరూ అడిగేది ఒక్కటే: "ఇది అసలుదేనా సార్?"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాయి ఎప్పుడూ పాతదే. నిన్న కొట్టిన మొనలో ఉన్న రాయి కూడా కోట్ల ఏళ్ళనాటిదే కావచ్చు. మనకు కావాల్సింది దాని మీద పెచ్చు ఎప్పుడు ఊడిందన్నది. కొత్తగా తెరుచుకున్న ఆ ముఖం అప్పటి నుంచే గాలికి, తడికి, మట్టికి తగులుతూ వస్తోంది. అక్కడి నుంచే లెక్క.

చెకుముకి రాయి, చెర్ట్, అగేటు, మన మద్రాసు చుట్టుపక్కల దొరికే క్వార్ట్జైట్, వీటన్నిటిలో సిలికా, అంటే ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థం, ఎక్కువ. అంచున సరైన కోణంలో దెబ్బ పడితే పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు మీద దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, దాని నుంచి బయటికి పాకే అలల గీతలు ఉంటాయి. తల్లి రాయి మీద దానికి సరిపోయే గుంట మిగులుతుంది. ఈ గుర్తులు చూసి చాలామంది "మనిషి చేసిందే, కాబట్టి పురాతనమే" అంటారు. మనిషి చేసిందన్నంత వరకు సరే. పురాతనమని అందులోంచి ఎలా తేలుతుంది? ఇవాళ కొట్టినా అదే ఉబ్బు, అవే అలలు. రాయి కొట్టడం నేర్చుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఎక్కువమంది సరదాకో చదువు కోసమో నిజాయితీగానే చేస్తారు. వాళ్ళు చేసిన మొనకు మూడో చేయి మారేసరికి పదివేల ఏళ్ళు వచ్చేస్తాయి.

ఆ ఏళ్ళు ఎలా తెప్పిస్తారు? టీ డికాక్షన్‌లో ఉడికిస్తారు. పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళలో నానబెడతారు. పేడలో పాతిపెడతారు. నూనెలో వేసి కాలుస్తారు. ఇసుకతో కలిపి డ్రమ్ములో తిప్పుతారు. ఆమ్లంలో ముంచుతారు. మరీ బద్ధకస్తుడైతే జిగురు రాసి పైన మట్టి అద్దుతాడు. వీటన్నిటికీ ఒకటే జబ్బు. రాయికి నాలుగు పక్కలా ఒకేసారి, ఒకే మోతాదులో వయసు వచ్చేస్తుంది. నిజంగా పాతబడిన వస్తువు అలా ఉండదు. పాత ఇంటి గడప చూడండి, మధ్యలో అరుగుతుంది, మూలలు అలాగే ఉంటాయి.

నేలలో పడి ఉన్న మొనకు ఒక పక్క మట్టి, ఇంకో పక్క ఎండ. రెండు ముఖాల రంగూ చాలాసార్లు ఒకటి కాదు. క్షార గుణమున్న నీరు చెకుముకి రాయి పైపొరలోంచి సిలికాను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మిగిలిన పొర గుల్లబారి తెల్లగా కనిపిస్తుంది. అది పైన వేసిన పూత కాదు కాబట్టి అసిటోన్‌తో తుడిస్తే పోదు. మన ఎర్రమట్టి నేలల్లో ఇనుము రాతి సందుల్లోకి దిగుతుంది. ఎడారుల్లో ఇనుము, మాంగనీసు కలిసిన నల్లటి మెరుపు పొర పడుతుంది, అదీ వెయ్యేళ్ళకు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలవాల్సినంత నిదానంగా. ఇలాంటి మొనకు ఈమధ్య ఏదో తగిలి చిన్న ముక్క ఎగిరితే, ఆ చోట లోపలి రంగు బయటపడుతుంది. కొనేవాళ్ళు ఆ దెబ్బను లోపమనుకుంటారు. నాకైతే అదే మంచి కిటికీ. పైపొర ఎంత మందం ఉందో, ఎంత లోతుకు దిగిందో అక్కడే తెలుస్తుంది.

నగల షాపువాళ్ళు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి, చాలు. దానితో ముందు చూడాల్సింది పెచ్చు సాఫీగా పోకుండా మెట్టులా ఆగిపోయిన చోట్లు. ఆ మెట్టు కింద సన్నటి పగులు ఉంటుంది. పాత మొనలో ఆ పగులులోకి ఖనిజం దిగి గట్టిపడి ఉంటే సూదితో కదిలించినా రాదు. కొత్తదానిలో తెల్లటి రాతిపొడి కనిపిస్తుంది, లేదా జిగురుతో అంటిన మట్టి. కొన్ని రకాల జిగురు అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది కూడా. డ్రమ్ములో తిప్పినదానికి ఎత్తుగా ఉన్న గట్లన్నీ ఒకే లెక్కన మొద్దుబారతాయి. వాడిన మొన అలా అరగదు. అమెరికాలో సుమారు 13,000 ఏళ్ళనాటి క్లోవిస్ మొనల్లో కర్రకు కట్టే అడుగు భాగం అంచుల్ని కావాలనే నూరేవారు, కట్టు తెగకుండా. పై అంచు పదునుగానే ఉంచేవారు.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఖంభాత్ సంగతి చెప్పాలి. గుజరాత్‌లోని ఆ ఊరు అగేటు పనికి పేరుమోసింది. హరప్పా కాలపు లోథల్ అక్కడికి దగ్గరే. నేలలో పాతిన ఇనుప ఊచ మొనకు రాయిని ఆనించి, అవతలి వైపు నుంచి కొమ్ము తల ఉన్న సుత్తితో కొడతారు. చాలా ముచ్చటైన పనితనం. పూసలతో పాటు రంగురంగుల బాణం మొనలు కూడా అలంకార వస్తువులుగా విదేశాలకు వెళ్తాయి. చేసినవాడి తప్పేమీ లేదు. అక్కడ రెండు చేతులు మారాక అవి రెడ్ ఇండియన్ మొనలవుతాయి, మన పిల్లలు డాలర్లు పోసి కొని చెన్నైకి తెస్తారు. గుజరాత్ రాయికి ఎంత విమాన యోగం! చారల అగేటు, అన్నీ ఒకే సైజు, ఎక్కడా మట్టి మరక లేదు, అంచు వేలిని కోసేలా ఉంది. ఇలాంటివాటికి భూతద్దం కూడా అక్కర్లేదు. వెంట ఇచ్చే సర్టిఫికెట్ సంగతా? రాయి కన్నా కాగితాన్ని పాతబరచడం సులువు.

ఇక నాకు బాగా ఇష్టమైన గుర్తు, ఇనుప గీత. దున్నిన పొలంలో దొరికిన మొన మీద తుప్పు రంగు గీతలు చాలాసార్లు కనిపిస్తాయి. నాగలి కర్రు తగిలి, ఆ ఇనుము రాతికి అంటి, తుప్పుగా మారింది. ఆ గీతలు ఎత్తుగా ఉన్న గట్ల మీదుగా ఒకే దిశలో పోతాయి. అందుకే సేకరించేవాళ్ళు వాటిని చూసి సంతోషిస్తారు. లోహపు మరక అంచున, సరిగ్గా దెబ్బ కొట్టాల్సిన చోటే ఉంటే మాత్రం అనుమానించాలి. ఇప్పటివాళ్ళు పెచ్చులు నొక్కి తీయడానికి రాగి మొన ఉన్న పుల్ల ఎక్కువగా వాడతారు.

ఇదే ఇనుప గీత జపాన్‌లో ఇంకో కథ చెప్పింది. ఫుజిమురా షినిచి అనే పురావస్తు తవ్వకాల ఆయన ఎక్కడ తవ్వితే అక్కడ అతి పాత పనిముట్లు దొరికేవి. "దేవుడి చేతులు" అని ఆయనకు పేరు. 2000 నవంబరు 5న మైనిచి పత్రిక ఆయన గుంట తీసి రాళ్ళు పాతుతున్న ఫొటోలు అచ్చేసింది. పాఠ్యపుస్తకాలే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రాళ్ళు నకిలీవి కావు, చాలావరకు జోమోన్ కాలపు, అంటే కొన్ని వేల ఏళ్ళ కిందటి, అసలు పనిముట్లే. తర్వాత పరీక్షించినప్పుడు వాటి మీద ఇనుప గీతలు, పైమట్టి నలుపు కనిపించాయి. లక్షల ఏళ్ళుగా ఎవరూ కదపని పొరలో ఉన్న రాయికి నాగలి ఎలా తగిలింది? అంటే రాయి అసలుదే, చోటు అబద్ధం. భూతద్దంతో రాయి ఒక్కదాన్నే చూసి ఉంటే అందరూ "అసలుదే" అని సంతకం పెట్టేవారు.

అందుకే నేను రాయి కన్నా ముందు చోటు అడుగుతాను. 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ మన పల్లావరంలో కంకర గుంట దగ్గర పాతరాతి యుగపు పనిముట్టును గుర్తించాడు. సుమారు రెండు నెలల ముందు ఫ్రాన్స్‌లో అబ్బెవిల్ దగ్గర మూలాన్ కీన్యోన్ గుంటలో ఒక మనిషి దవడ ఎముక, దానితో రాతి గొడ్డళ్ళు దొరికాయని గోల. బూషే ద పెర్త్ అనే పెద్దమనిషి కనిపెట్టినవాటికి కూలీలకు డబ్బిచ్చేవాడు. డబ్బిస్తే దొరకకుండా ఉంటాయా? ఇంగ్లండులో రాతి పనిముట్ల నిపుణుడు జాన్ ఎవాన్స్ ఆ గొడ్డళ్ళు చూసి కొత్తగా చేసినవని తేల్చాడు. ఫూట్ మాటకు విలువ నిలబడింది ఎందుకంటే, ఆయన ఎక్కడ, ఏ మట్టిలో, ఏ తేదీన అన్నది రాసి పెట్టుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో తోటి భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌తో కలిసి కొసస్థలై నది ఒడ్డున అత్తిరంపాక్కం కనుక్కున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం అక్కడ పొరలు పొరలుగా తవ్వి, 15 లక్షల ఏళ్ళనాటి చేతి గొడ్డళ్ళని 2011లో, సుమారు 3,85,000 ఏళ్ళనాటి మధ్య పాతరాతి యుగపు పనిముట్లని 2018లో ప్రకటించింది. ఆ సంఖ్యలు పొరల నుంచి వచ్చాయి. అదే గొడ్డలిని ఎవరో ఏరుకుని షోకేసులో పెట్టుకుని ఉంటే మనం "చాలా పాతది" అనడం తప్ప ఏమీ చేయలేం.

కాబట్టి ఊళ్ళో రాయి కనిపిస్తే ఉన్నచోటే ఉంచి, పక్కన పెన్నో నాణెమో పెట్టి ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. మ్యూజియానికో పురావస్తు శాఖకో చూపించండి. బ్రష్ పెట్టి తోమకండి, ఆ మట్టిలోనూ సాక్ష్యం ఉంటుంది. చెట్టు కింద దేవుడి పక్కన పసుపు కుంకుమలతో ఉన్న నున్నటి గొడ్డలైతే అసలే ముట్టుకోవద్దు. పల్లెల్లో నూతన శిలాయుగపు గొడ్డళ్ళకు అలా పూజలు జరుగుతాయి, ఆ నూనె మడ్డిని మోసమనుకోకండి. కొనడం, అమ్మడం దగ్గరికొస్తే 1972 పురావస్తు చట్టం ఉంది. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు.

అసలువి ఎలా ఉంటాయో కళ్ళకు అలవాటు కావాలంటే ఎగ్మూర్ మ్యూజియానికి వెళ్ళండి, ఫూట్ సేకరణ అక్కడే ఉంది. ఇవాళ్టికి బల్ల మీద రెండు ట్రేలు పెట్టాను. వరుసగా రండి, మీ రాళ్ళూ పట్టుకు రండి. ఎడమ ట్రేలోవి నేను కొట్టినవి, అంచు తెగుతుంది, పిల్లల్ని కాస్త చూసుకోండి.