పొదుపు పేరున్న పువ్వు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మీకు ఒక చిన్న పువ్వు గురించి చెప్పాలి. దాని పేరు థ్రిఫ్ట్. ఇంగ్లీషులో థ్రిఫ్ట్ అంటే పొదుపు. పువ్వు పేరూ అదే.

ఇది బ్రిటన్ సముద్రతీరంలో కొండచరియల అంచున, రాతి సందుల్లో పెరుగుతుంది. ఆకులు గడ్డిపరకల్లా సన్నం. మొక్కంతా నేలకు అతుక్కుని, గుబురుగా చిన్న దిండులా ఉంటుంది. వేల్స్ వాళ్లు దీన్ని మేరీమాత దిండు అంటారు. ఆ దిండులోంచి సన్నని కాడలు లేస్తాయి, ఒక్కో కాడ కొసన బంతిలా గుండ్రంగా గులాబీ రంగు పువ్వు. పైన ఉప్పు తుంపర పడుతూనే ఉంటుంది. మామూలు మొక్కయితే మాడిపోతుంది. ఇది మాత్రం ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల్లోంచి బయటికి నెట్టేస్తుంది.

నాకు దీని మీద ఇష్టం కలిగింది ఒక నాణెం వల్ల. ఆరవ జార్జి కాలంలో, 1937లో, బ్రిటన్ పన్నెండు పలకల ఇత్తడి రంగు నాణెం తెచ్చింది. విలువ మూడు పెన్నీలు. ఒకవైపు రాజుగారి తల. రెండోవైపు ఈ మొక్క, మూడు పెన్నీలకు మూడు పూలు! మొదట ఈ పువ్వును గీసినావిడ మ్యాడ్జ్ కిచెనర్ అనే కళాకారిణి. పొదుపు చెయ్యండి అని నాణెం మీద ఎక్కడా రాయలేదు. పువ్వును చూస్తే చాలు, పేరు గుర్తొస్తుంది. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు, అంటే ఇలాంటివి 80 కూడబెడితే ఒక పౌను. యుద్ధకాలంలో రాత్రిళ్లు దీపాలార్పేసిన వీధుల్లో, జేబులో చెయ్యి పెట్టి పలకలు తడిమితే ఇదే మూడు పెన్నీల నాణెమని తెలిసిపోయేది. 1952 దాకా ఆ పువ్వు నాణెం మీద ఉంది. తర్వాత బొమ్మ మారింది. నాకైతే పువ్వే బాగుంది.

ఇంకో మాట. థ్రిఫ్ట్ అనే పదానికి మూలం వర్ధిల్లడం. కడుపు మాడ్చుకోవడం కాదు, వర్ధిల్లడం. ఆ రాళ్ల మీది మొక్కను చూస్తే ఈ అర్థమే సరైనదనిపిస్తుంది.

తోటల్లో మళ్ల అంచున దీన్ని నాటడం పాత అలవాటే, 1597 నాటి జెరార్డ్ మూలికల గ్రంథంలోనే ఆ ప్రస్తావన ఉంది. మీరూ పెంచాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎరువు వద్దు. ప్రేమకొద్దీ కూడా వద్దు. బలమైన మట్టిలో ఆకులు ఏపుగా వచ్చి పూలు తగ్గిపోతాయి. మట్టిలో ఇసుక, గులకరాళ్లు ఎక్కువ కలపండి, ఎండ తగలనివ్వండి, నీరు నిలవనివ్వకండి. వాడిన పూలకాడలను మొదలంటా కత్తిరిస్తే మళ్లీ పూస్తుంది.