బీరువా తాళం, వదిలేసిన పాఠం

సభకు అధ్యక్షత వహిస్తున్న గ్రంథాలయ సంఘం పెద్దలకు, వేదిక మీదున్న వైద్యాధికారి గారికి, ఎండను లెక్కచేయక వచ్చిన తల్లులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. ఈ రోజు మే 28, రుతు పరిశుభ్రత దినోత్సవం. నెలసరి సుమారు 5 రోజులు ఉంటుంది, ఋతుచక్రం సగటున 28 రోజులది కాబట్టి ఈ తేదీని ఎంచుకున్నారు. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం బడుల్లో న్యాప్‌కిన్లు, వాటికి కావలసిన చట్టం. ఆ అంశం మీదే మాట్లాడతాను. అయితే ముందుగా ఒక పిల్ల సంగతి చెప్పకపోతే నేను ఈ మైకు ముందు నిలబడి ప్రయోజనం లేదు.

నేను 31 ఏళ్లు జీవశాస్త్రం బోధించాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక సాయంత్రం లాంగ్‌బెల్ కొట్టాక కూడా ఎనిమిదో తరగతి చివరి బెంచీ మీద ఒక పిల్ల కూర్చునే ఉంది. "ఇంటికి వెళ్లవేమే?" అని గద్దించాను. నోటుపుస్తకాన్ని ఒళ్లో అదిమి పట్టుకుని తల వంచుకుంది. దగ్గరికి వెళ్తే ఆకుపచ్చ పావడా వెనక తడిసి ఉంది, బెంచీ చెక్క మీద మరక ఉంది. మధ్యాహ్నం నుంచీ కదలకుండా కూర్చున్న ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే మాట: "టీచర్, నాకేమైనా రోగమొచ్చిందా?"

అంతకు వారం ముందే కౌమార దశ పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని చెప్పి నేను పేజీలు తిప్పేశాను. తరగతిలో మగపిల్లలున్నారని, నవ్వుతారని భయపడ్డాను. ఆ పిల్ల తర్వాత బడికి రాలేదు. పెద్దమనిషి అయిందని పందిరి వేశారు, భోజనాలు పెట్టారు, చదువు మాన్పించారు. ఊరంతా పిలిచి చెప్పుకునే సంగతిని పాఠంగా చెప్పడానికి నాకెందుకు నోరు రాలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇక చట్టం విషయానికి వస్తాను. శానిటరీ న్యాప్‌కిన్ల మీద 2017లో 12 శాతం జీఎస్టీ వేశారు, మహిళలు గట్టిగా అడిగాక 2018 జూలైలో తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 5న 'స్వేచ్ఛ' పథకం మొదలై, ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్మీడియట్ దాకా చదివే ఆడపిల్లలకు నెలకు 10 న్యాప్‌కిన్ల చొప్పున ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు. మంచి పని, చేతులెత్తి స్వాగతించాను. అయితే పథకం వేరు, చట్టం వేరు. టెండరు ఆలస్యమైతే, బడ్జెట్టు తగ్గితే పథకం ఆగుతుంది. ఆగినప్పుడు నిలదీయడానికి ఆ పిల్ల చేతిలో చట్టం ఉండదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలని రాశారు గానీ న్యాప్‌కిన్ మాట లేదు, వాడినదాన్ని పారవేసే ఏర్పాటు గురించీ లేదు. పైగా ఆ చట్టం వర్తించేది పద్నాలుగేళ్ల వరకే.

స్కాట్లాండ్ పార్లమెంటు 2020 నవంబరు 24న 121 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా, నెలసరి ఉత్పత్తులను ఉచితంగా అందించే చట్టాన్ని ఆమోదించింది. మోనికా లెనన్ అనే సభ్యురాలు ప్రతిపాదించిన ఆ చట్టం ప్రకారం స్థానిక సంస్థలు, విద్యాసంస్థలు వాటిని అందుబాటులో ఉంచి తీరాలి. నాకు నచ్చినది మరొకటి: తీసుకునేవారి గౌరవానికి భంగం రాకుండా ఇవ్వాలని కూడా అందులో ఉంది.

ఆ మాట ఎందుకు పట్టుకున్నానంటే, నేను పనిచేసిన ఒక బడిలో న్యాప్‌కిన్ల పెట్టె స్టాఫ్‌రూమ్ బీరువాలో ఉండేది. తాళంచెవి మాస్టారి దగ్గర ఉండేది. అవసరమైన పిల్ల నలుగురి ముందు వచ్చి అడిగి, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ రిజిస్టరులో నెలకు నాలుగైదు సంతకాలకు మించి ఉండేవి కావు. పెట్టెలు నిండుగా ఉండేవి, పిల్లలు గుడ్డపేలికలతోనే గడిపేవారు. ఇచ్చామని లెక్కల్లో రాసుకున్నాం, అంతే.

మాస్టార్లూ, మీతో ఒక మాట. మీ ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు. ఈ పాఠం చెప్పే పని టీచరమ్మలదే అనుకోకండి. ఈ సంగతులే బడిలో నేర్పే కౌమార విద్య కార్యక్రమాన్ని 2007లో ఎన్నో రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో మన తెలుగువారే అయిన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బడుల్లో లైంగిక విద్య ఉండకూడదని నివేదించింది. పెద్దలన్న గౌరవంతోనే చెబుతున్నాను, ఆ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. 2012లో పోక్సో చట్టం తెచ్చి లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ ఇచ్చాం. తన ఒంటి భాగాల పేర్లే నోటితో పలకడం నేర్పని పిల్ల, జరిగిన అన్యాయాన్ని ఏ మాటల్లో చెబుతుంది? సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు తీర్పులో సమగ్ర లైంగిక విద్య గురించి ఆలోచించాలని కేంద్రానికి సూచించింది. అది సూచనగా మిగిలిపోకూడదు, చట్టంగా రావాలి.

జూన్ 12న బడులు తెరుస్తారు. గుమ్మం దగ్గర బల్ల మీద శాసనసభ్యులకు ఇవ్వబోయే వినతిపత్రం ఉంది. న్యాప్‌కిన్లు హక్కుగా అందాలని, కౌమార దశ పాఠాన్ని ఆడామగా పిల్లలందరికీ ఒకే గదిలో తప్పనిసరిగా చెప్పాలని అందులో కోరాం. తీసుకునే పిల్ల చేత సంతకం పెట్టించకూడదని, పెట్టె బాలికల మరుగుదొడ్డిలోనే, తాళం లేకుండా ఉండాలని చివర ఒక వాక్యం నేను చేర్పించాను. దయచేసి చదివి సంతకం చేయండి.