షిరోకి అన్నం పెట్టారా?

అందరికీ నమస్కారం. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం. వాళ్ల కోసమే ఇవాళ విషయం మార్చుకున్నాను.

గ్రంథాలయ వారోత్సవాలకు భారతం మీద ఓ అరగంట మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగారు. తిక్కన తిరిగిన నెల్లూరు సీమలో ఉండి కాదంటామా, సరేనన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో నోట్సు రాసుకుంటుంటే, టీవీ ముందున్న మా మనవరాలు ఉన్నట్టుండి, "తాతా, ఇవాళ కూడా దానికి అన్నం పెట్టలా!" అంది. ఎవరికమ్మా అని తల తిప్పితే, గూడు ముందు ఖాళీ పళ్లెం దగ్గర కూర్చుని ఉంది తెల్ల బొచ్చుకుక్క. షిన్‌చాన్ అని జపాన్ కార్టూన్‌లో ఓ అల్లరి పిల్లాడు, వాళ్లింటి కుక్క షిరో. నోట్సు మూసేశాను.

పెద్దవాళ్లలో షిన్‌చాన్ అంటే ముఖం చిట్లించేవాళ్లున్నారని తెలుసు. మన దేశంలో 2006లో హంగామా టీవీలో మొదలైంది. పిల్లల్ని చెడగొడుతోందని 2008లో ఆపించారు. తర్వాత కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. ఆ గొడవలోకి నేను పోను. యొషితో ఉసుయి అనే ఆయన 1990లో జపాన్‌లో దీన్ని బొమ్మల కథగా మొదలుపెట్టారు. 1992 ఏప్రిల్‌లో టీవీకెక్కింది. 2009లో కొండ మీద నుంచి పడి ఆయన పోయారు, కథ మాత్రం ఆగలేదు. ముప్పై ఏళ్లు దాటినా షిన్‌చాన్‌కు ఇంకా ఐదేళ్లే.

అట్టపెట్టెలో ఎవరో వదిలేసి పోయిన పిల్లకుక్క షిరో. షిన్‌చాన్ దాన్ని చూసి ఇంటికి తెచ్చుకుంటాడు. షిరో అంటే వాళ్ల భాషలో తెలుపు, అంతే. మనం నల్లోడు, ఎర్రోడు అని పిలుచుకోమా, అట్టాంటిదే. దాన్ని చూసుకోవాల్సింది వాడు. తిండి మరిచిపోతాడు, షికారుకు తీసుకెళ్లడం మరిచిపోతాడు. చివరికి ఆ పని వాళ్లమ్మ మిసాయె నెత్తిన పడుతుంది. కుక్కపిల్లను పెంచుకుంటామని ఏడ్చి సాధించుకున్న పిల్లలున్న ప్రతి ఇంట్లో జరిగేదే కదా ఇది. తల్లులు నవ్వుతున్నారు, చూస్తున్నాను.

నాకు బాగా నచ్చింది దాని పీచు మిఠాయి విద్య. షిన్‌చాన్ అడగ్గానే షిరో ఒళ్లంతా ముడుచుకుని గుండ్రంగా ఉండ అయిపోతుంది. ముక్కు ఎక్కడో తోక ఎక్కడో తెలీదు. తిరునాళ్లలో పుల్లకు చుట్టి ఇచ్చే పీచు మిఠాయే. ఆకలితో ఉన్న కుక్క తినే వస్తువులా మారి పిల్లాడిని నవ్విస్తుంది చూడండి, అది రాసినాయన గడుసువాడు. ఇంకో ముచ్చట. జపాన్‌లో షిరోకు గొంతు ఇచ్చింది మారి మషిబా అనే ఆవిడ. షిన్‌చాన్ స్నేహితుడు, ఆ బుద్ధిమంతుడు కజామాకు కూడా చాలా ఏళ్లు ఆవిడదే గొంతు. నాకైతే ఇద్దరూ ఒకే రకం అనిపిస్తారు. వాడితో వేగలేరు, వాడిని వదలలేరు.

పాకుతూ ఎటో పోయే చెల్లెలు హిమావరిని కనిపెట్టుకుని తిరిగేది కూడా షిరోనే. ఇంటి మనుషులకంటే దానికే బుర్ర ఎక్కువ.

మనం కుక్క గురించి ఏమంటాం? తిన్న కూటికి విశ్వాసం చూపిస్తుందంటాం. అన్నం పెట్టు, కాపలా కాస్తుంది. అంటే విశ్వాసాన్ని కూలి లెక్కలో వేశాం. పళ్లెం ఖాళీగా ఉన్నా షిరో గేటు దాటి పోదు. ఈ లెక్కలో దాన్ని ఎక్కడ వేస్తారు?

ఇది బొమ్మల కథలోనే కాదు. ఇస్కపల్లి వైపు మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. అక్కడి కాపలాదారు దగ్గర ఒక నల్లకుక్క ఉండేది. తెల్లవారక ముందే దాని డ్యూటీ. నీటికాకులు, కొంగలు దిగితే రొయ్యల్ని తినడమే కాదు, జబ్బు రొయ్యను ఒక గుంటలో పట్టుకుని ఇంకో గుంటలో జారవిడుస్తాయి. తెల్లమచ్చ జబ్బు ఒక్కసారి వచ్చిందంటే రైతు పెట్టుబడి నీళ్లపాలే. అందుకని ఆ కుక్క గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు. పొట్ట కిందంతా బురద. ఎండెక్కాక మేత డబ్బా మూతలో సద్దన్నం, రాత్రి మిగిలిన చేపల పులుసు.

పోయిన వేసవిలో రొయ్యల పట్టుబడి అయిపోయింది. గుంట ఎండబెట్టారు. కాపలాదారు సామాను సర్దుకుని పోయాడు. కుక్క సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరికీ అంటున్నానుగానీ అందులో నేనూ ఉన్నాను. ఇరవై రోజుల తర్వాత ఏదో పని మీద వెళ్తే, గుంటలో నీళ్లు లేవు, నేల పెంకులు పెంకులుగా పగిలి ఉంది. మధ్యలో ఒక కొంగ వాలింది. డొక్కలు ఎగరేసుకుంటూ ఆ కుక్క గట్టు దిగి దాన్ని తరుముతోంది. రొయ్య లేదు, అన్నం పెట్టేవాడు లేడు, కొంగ మాత్రం వాలకూడదు. మేత డబ్బా మూత అక్కడే బోర్లా పడి ఉంది. బంకు దగ్గర బన్ను కొని వేసి, బండెక్కి వచ్చేశాను.

ఇప్పుడు భారతం. లైబ్రేరియన్ గారు ఊపిరి పీల్చుకోవచ్చు. తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో మహాప్రస్థానిక పర్వం ఒకటి. పాండవులు స్వర్గానికి నడిచిపోతున్న దారిలో ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజు వెనక కుక్క మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలనన్నాడు ధర్మరాజు. ఆ దారిలో ఆయన దానికి పిడికెడు మెతుకులు పెట్టిందీ లేదు, వాళ్లే ఉపవాసాలతో నడుస్తున్నారు.

2007లో వచ్చిన షిన్‌చాన్ సినిమాలో ఆకాశం నుంచి రాలిన బాంబు ఒకటి డైపర్‌లా షిరోకు అతుక్కుంటుంది. భూమి బతకాలంటే కుక్కను బాంబుతో సహా పైకి పంపేయాలంటారు. లెక్కకు అది సబబే. కానీ రోజూ అన్నం పెట్టడం మరిచిపోయే ఆ పిల్లాడు, కుక్కను తీసుకుని ఇల్లు వదిలి పారిపోతాడు. ధర్మరాజుకూ షిన్‌చాన్‌కూ పోలికా అని మా తెలుగు మాస్టార్లు కొట్టొస్తారేమో. ఒక్క తేడా నేనే చెబుతాను. భారతంలో కుక్క చివరికి యమధర్మరాజు అయింది. వదలనందుకు ఫలం దక్కింది. షిరో చివరికీ కుక్కే. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఎండిన గుంట సంగతి మనవరాలికి చెబితే, "మనింటికి తేకుండా వచ్చినావా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బావమరిదిని ఆటో తెమ్మని వెళ్లి, తీసుకొచ్చాం. పేరు షిరోనే పెట్టాలంది. అమ్మా, అది కాకి నలుపు, షిరో అంటే తెలుపు అన్నా వినలేదు. రోజూ అన్నం తనే పెడతానని ఒట్టు కూడా వేసింది.

ఏడున్నర కావస్తోంది, నేనిక బయల్దేరాలి. అన్నం ఈ పాటికి ఆ పిల్ల మరిచిపోయి ఉంటుంది.