కంగారూ మేతవేళలు

అందరికీ నమస్కారం. కంగారూ పగలు మేస్తుందా, రాత్రి మేస్తుందా అని అడిగితే నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను: ఏ నెల? ఎండ ఎంత? గాలి ఉందా?

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌కు ఉత్తరాన, దాదాపు 110 కిలోమీటర్ల దూరంలో ఫౌలర్స్ గ్యాప్ ఉంది. ఎర్ర కంగారూల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగిన మెట్ట ప్రాంతం. అక్కడ జనవరి నడివేసవి. పొద్దు వాలాక మేతకు దిగి, మధ్యమధ్య పడుకుంటూ తెల్లవారిన కాసేపటిదాకా మేస్తాయి. ఎండ ముదిరితే చెట్టు నీడే దిక్కు. నీడలోకి రాగానే పడుకోదు. ముంగాళ్లతో కాలిన పైమట్టిని గీరేసి, అడుగునున్న చల్లటి మట్టికి ఒళ్లు ఆనిస్తుంది. తోకను కాళ్ల మధ్యకు లాక్కుని ముడుచుకుంటుంది, వేడి తగిలే చోటు తగ్గాలని.

అప్పటికీ ఒళ్లు కాగితే వగరుస్తుంది, ముంగాళ్లు నాకుతుంది. అక్కడ చర్మం కిందే రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. వేడెక్కినప్పుడు వాటిలోకి రక్తం జోరుగా పారుతుంది, ఉమ్మి ఆరేకొద్దీ చల్లబడుతుంది. చెమట సంగతే చిత్రం: గెంతినంతసేపే పడుతుంది, ఆగితే అదీ ఆగుతుంది. అందుకే 40 డిగ్రీల ఎండలో ఫొటో కోసం దాన్ని నీడలోంచి లేపకండి. పరుగుతో వేడి పెరుగుతుంది, ఉన్న నీరూ పోతుంది. చిన్న ఒళ్లు త్వరగా కాగుతుంది కాబట్టి కూనలకు మరీ ముప్పు.

జూన్, జూలైల్లో చలి. పగలు కూడా తీరిగ్గా మేస్తాయి. హోరుగాలి లేస్తే మాత్రం పొదల చాటు చూసుకుంటాయి. కొండగట్ల మీద ఉండే ‘యూరో’ అనే మరో జాతి కంగారూలైతే ఎండవేళ రాతి చరియల కింద దూరతాయి. మైదానంలో నిలబడి లెక్కపెట్టేవాళ్లకు అవి దొరకవు. వేసవి మధ్యాహ్నపు లెక్కను చలికాలపు లెక్క పక్కన పెట్టి ‘మంద తగ్గింది’ అనేవాళ్లను నమ్మొద్దు.

కాన్‌బెర్రాలో కారు నడిపేవాళ్లకు ఒక మాట. జూన్‌లో అక్కడ సాయంత్రం 5 గంటలకే పొద్దు గూకుతుంది. మీరు ఆఫీసు నుంచి బయల్దేరే వేళా, అవి మేతకు కదిలే వేళా ఒకటే. ఒకటి రోడ్డు దాటితే వెనక ఇంకోటి ఉందనుకోండి. స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా బ్రేకు వేయండి. చనిపోయిన ఆడ కంగారూ కనిపిస్తే, రోడ్డు పక్కన సురక్షితంగా ఆగే వీలుంటే సంచి చూడండి. లోపల కూన బతికే ఉండొచ్చు. చనుమొన నోట్లో ఉంటే లాగకండి, నోరు చిట్లుతుంది. వన్యప్రాణి రక్షకులకు ఫోన్ చేయండి.