అత్తయ్యగారు ఊరెళ్లాక నాన్న సంగతి ఎవరు చూస్తారు? | డాలస్ తెలుగు వ్లాగ్

నమస్కారమండీ. ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం వంటలూ షాపింగూ పక్కనపెట్టి, చంటిపిల్లలున్న మన తెలుగు ఇళ్లలో ఎవరూ పెద్దగా ఎత్తని ఒక విషయం చెప్పదలచుకున్నాను. కాన్పు తరువాత తల్లికి దిగులు పట్టుకోవచ్చునని, దానికి వైద్యం ఉందని ఇప్పుడు చాలామందికి తెలుసు. తండ్రికి కూడా ఆ దిగులు రావచ్చునని, ఆయన తనంతట తాను అడిగితే తప్ప ఆ వైద్యం ఆయన దాకా రాదని తెలిసినవారు మాత్రం తక్కువ.

పిల్లల డాక్టరు దగ్గర రెండో నెల టీకాల రోజున ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. నర్సు వచ్చి తల్లి చేతికి పది ప్రశ్నలున్న ఒక కాగితం ఇస్తుంది. 1987లో స్కాట్లండ్‌లో తయారైన ఎడిన్‌బరో స్కేలు చాలాచోట్ల వాడే కాగితం. గడిచిన 7 రోజుల్లో మనసారా నవ్వగలిగారా, కారణం లేకుండా భయం వేసిందా, బాధతో నిద్ర పట్టలేదా అని అడుగుతూ వెళ్లి, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్న ప్రశ్నతో అది ముగుస్తుంది. ఆమె పెన్నుతో గళ్లు నింపుతున్నంతసేపూ ఆయన డైపర్ బ్యాగు భుజానికి తగిలించుకుని, కార్ సీటును కాలితో మెల్లగా ఊపుతూ ఉంటాడు. ఆయనకు కాగితం ఇవ్వరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో ప్రచురించిన నివేదికలో తల్లిని 1, 2, 4, 6 నెలల విజిట్లలో పరీక్షించాలని చెబుతూ, ఆరో నెలలో భర్తను కూడా అడిగే విషయం ఆలోచించమని రాశారు. అయినా అది అన్ని క్లినిక్కులలో అలవాటుగా మారలేదు. అందుకే అక్కడ కూర్చున్న తండ్రి, "నాకూ ఒకటి ఇవ్వగలరా?" అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఆ డాక్టరు పెద్దవాళ్లకు వైద్యం చేయకపోయినా, ఎక్కడికి వెళ్లాలో చెప్పగలరు.

2010లో అమెరికా వైద్య సంఘం పత్రికలో, అంతకుముందు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన వచ్చింది. భార్య గర్భం దాల్చినప్పటి నుంచి బిడ్డకు ఏడాది నిండేలోపు పదిమంది తండ్రులలో సుమారు ఒకరికి డిప్రెషన్ కనిపించిందని, బిడ్డకు 3 నుంచి 6 నెలల వయసున్నప్పుడు అది అన్నిటికంటే ఎక్కువగా ఉందని, తల్లి కుంగిపోయిన ఇంట్లో తండ్రి కుంగిపోయే అవకాశం కూడా పెరుగుతుందని అందులో తేలింది. మన ఇళ్ల లెక్కతో దీన్ని కలిపి చూడండి. అత్తయ్యగారు కాన్పుకు నెల ముందు విజిటర్ వీసాపై వస్తారు. సాధారణంగా 6 నెలలు ఉండనిస్తారు కాబట్టి బిడ్డకు అయిదో నెల నిండేసరికి ఆమె తిరుగు ప్రయాణం వస్తుంది. అప్పటికి భార్య సెలవు అయిపోతుంది, డేకేర్ బిల్లు మొదలవుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు ఇండియా టీముతో కాల్ ఎప్పటిలాగే ఉంటుంది. నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించే చెయ్యి, కాయం వేసి అన్నం పెట్టే చెయ్యి ఒకేరోజున విమానం ఎక్కేస్తాయి. పరిశోధకులు ప్రమాదకరమన్న నెలలూ, మన ఇంట్లో మనుషులు ఖాళీ అయ్యే నెలలూ ఒకటే కావడం నన్ను చాలా కలవరపెడుతుంది.

మగవారిలో ఇది ఏడుపుగా బయటపడకపోవచ్చు. అయినదానికీ కానిదానికీ కోపం, రాత్రి అవసరం లేకపోయినా లాప్‌టాప్ ముందే కూర్చోవడం, తలనొప్పి, అజీర్తి, శుక్రవారం ఒక పెగ్గుతో మొదలై వారమంతా పాకే తాగుడు, ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. మా వీధిలో నన్ను అన్నా అని పిలిచే ఒక కుర్రాడు ఉన్నాడు. పేరు చెప్పకుండా చెప్పమని తనే అన్నాడు. "బాధేమీ లేదన్నా, ఊరికే కోపం వస్తోంది. పాల సీసా మూత కనపడకపోయినా కోపమే" అనేవాడు. అసలు సంగతి పట్టుకున్నది అతని భార్య. "మీరు పాపను ఎత్తుకుంటున్నారు గానీ, దానితో మాట్లాడటం మానేశారండీ" అందట. ఆ మాట విన్నాక అతను తన ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు వెళ్లాడు. అక్కడ గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలడిగి, కౌన్సెలర్ దగ్గరకు పంపారు. వారానికొకసారి వీడియోలో మాట్లాడతాడు. రాత్రిని భార్యాభర్తలు రెండు ముక్కలుగా పంచుకుని, ఇద్దరికీ కనీసం నాలుగైదు గంటల తెగని నిద్ర దొరికేలా చేసుకున్నారు. ఈ నిద్ర పంపకం చిన్న విషయంగా కనిపించినా, నా దృష్టిలో మిగతా ఏ సలహా కంటే ముందు చేయవలసింది ఇదే.

అతన్ని అంతకాలం ఆపింది సిగ్గు కాదు, వీసా. డిప్రెషన్ అని రికార్డులో ఎక్కితే గ్రీన్ కార్డు ఆగిపోతుందన్న భయం మనవాళ్లలో ఎంత లోతుగా ఉందో నేను చాలామంది నోట విన్నాను. గ్రీన్ కార్డు కోసం చేయించుకునే వైద్య పరీక్షలో మానసిక జబ్బు ఉండటం ఒక్కటే అడ్డంకి కాదు. దానితోపాటు తనకు గాని ఇతరులకు గాని హాని కలిగించే ప్రవర్తన ఇప్పుడు ఉందా, లేక గతంలో ఉండి మళ్లీ జరిగే అవకాశం ఉందా అన్నదే వారు చూస్తారు. కౌన్సెలింగ్‌కు వెళ్లడం, డాక్టరు రాసిన మందు వేసుకోవడం ఆ కోవలోకి రావు. దిగులును తాగుడుతో అణిచిపెట్టి, ఆ మత్తులో కారు నడిపి అరెస్టయితే మాత్రం వీసానే రద్దయ్యే ప్రమాదం ఉంది. భయపడవలసినది దానికి.

సెలవు విషయానికొస్తే, 1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం కింద తండ్రికి కూడా బిడ్డ పుట్టిన ఏడాదిలోపు 12 వారాల జీతంలేని సెలవు హక్కుగా ఉంది. కానీ ప్రైవేటు కంపెనీలో 50 మంది ఉద్యోగులుండాలి, ఏడాది సర్వీసు ఉండాలి. చిన్న కన్సల్టెన్సీల ద్వారా క్లయింటు దగ్గర పనిచేసే మన హెచ్1బి వారిలో చాలామందికి ఆ రక్షణ అందదు, జీతంలేని సెలవు అంటేనే గుండె ఆగుతుంది. అలాంటి వారికి కూడా ఇన్సూరెన్సు ఉంటే అందులో సాధారణంగా కౌన్సెలింగ్ ఉంటుంది. కౌన్సెలర్‌కు మీరున్న రాష్ట్రంలో లైసెన్సు ఉంటే చాలు కాబట్టి, ఫ్రిస్కోలో దొరకకపోతే మన టెక్సస్‌లోనే హ్యూస్టన్‌లో ఉన్న తెలుగావిడతో వీడియోలో మాట్లాడవచ్చు.

పోస్ట్‌పార్టం సపోర్ట్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1987 నుంచి కాన్పు తరువాత దిగులుపడేవారికి తోడ్పడే పనిలో ఉంది; తండ్రుల కోసం ఆన్‌లైన్ బృందాలు కూడా నడుపుతోంది. బతకాలనిపించని క్షణం వస్తే మాత్రం ఏ బృందం కోసమూ ఎదురుచూడకుండా, అమెరికాలో అలాంటి క్షణాల కోసమే ఉన్న 988కి ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా పలుకుతారు, దుభాషిని కూడా అడగవచ్చు.

ఇంకొక తండ్రి ఉన్నారు. అత్తయ్యగారు ఇక్కడ మనవరాలికి లాలి పాడుతున్న ఆ ఆరు నెలలూ మామయ్యగారు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఒక్కరే కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని తింటూ, మనం ఫోన్ చేస్తే వాతావరణం చెప్పి, "పాపను చూపించు" అంటారు. ఆయన్ను కూడా నిద్ర పడుతోందా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని అడగండి. మనసు బాగోలేనప్పుడు ఫోనులో సాయం చేసేందుకు ఇండియాలో 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ఆయన ఫోనులో సేవ్ చేసి, మనకేమైందని అడిగితే, నా ఫోనులో కూడా ఇలాంటిదే ఒకటి పెట్టుకున్నాను మామయ్యగారూ అని చెప్పండి.