ల్యాబులో ఉన్న ఫేజులు వార్డులోకి ఎప్పుడొస్తాయి?

వేదిక మీద ఉన్న పెద్దలకు, డ్యూటీల మధ్య వీలు చేసుకుని వచ్చిన డాక్టర్లకు, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్న విద్యార్థులకు నమస్కారం. ఈ రోజు ఫేజుల గురించి, అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల గురించి మాట్లాడతాను.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధనను నడిపించారు. ఆరియోమైసిన్ 1948లో అక్కడి నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. పెన్సిలిన్‌కు లొంగని జబ్బులకు కూడా పనిచేసింది. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత అదే సంస్థ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి ప్రకటించారు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నాయన్నారు. ప్రాణం నిలబెట్టే మందు పశువుల దాణాలోకి వెళ్ళడం అక్కడ ఊపందుకుంది. ఇప్పుడు భీమవరం చుట్టూ రొయ్యల చెరువులే. యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడి మన రొయ్యలు విదేశీ రేవుల నుంచి వెనక్కి వచ్చిన సందర్భాలు అక్కడి రైతులకు బాగా తెలుసు.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు సంగతి కూడా చెప్పాలి. అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేశాక బయటికి వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో తట్టుకుని బతికిన బ్యాక్టీరియాకు మన వార్డుల్లో అదే మందు ఇస్తే ఏం పనిచేస్తుంది?

ఒక అంచనా ప్రకారం 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో ఆ సంఖ్య దాదాపు 3 లక్షలు. చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్ళకు, చేపలకు వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం అదే 2019లో నిషేధించింది. ఐసీయూలో పనిచేసేవాళ్ళకు ఈ అంకెలు చెప్పక్కర్లేదు. ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టులో పై నుంచి కింద దాకా "రెసిస్టెంట్" అని వచ్చినప్పుడు రోగి బంధువులకు ఏం చెప్పాలో తెలియని ఆ టెన్షన్ వాళ్ళకు బాగా తెలుసు.

ఆ రిపోర్టు చేతికొచ్చాక కూడా ఇంకో దారి ఉందని చెప్పడానికే వచ్చాను. ఆ దారి కొత్తది కాదు. వందేళ్ళ నాటిది, మన దేశంలోనూ నడిచింది.

బ్యాక్టీరియాకు కూడా వైరస్‌లు ఉంటాయి. వాటినే బ్యాక్టీరియోఫేజులు, పొట్టిగా ఫేజులు అంటాం. నేలలో, నీటిలో, మన పేగుల్లో, బ్యాక్టీరియా ఉన్న ప్రతిచోటా ఉంటాయి. భూమి మీద వాటి సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత అని అంచనా. ఫేజు తన తోకతో బ్యాక్టీరియా పైపొర మీద ఒక నిర్దిష్టమైన చోటును పట్టుకుని, తన డీఎన్ఏను లోపలికి పంపిస్తుంది. అరగంట లోపే ఆ కణం పగిలి వంద, రెండు వందల కొత్త ఫేజులు బయటపడతాయి. మనిషి కణాలను అవి ముట్టుకోవు. ఒక బ్యాక్టీరియా జాతిలో కూడా కొన్ని స్ట్రెయిన్లనే, అంటే ఉపరకాలనే, పడతాయి. ఇదే వాటి బలం, ఇదే వాటితో వచ్చే చిక్కు కూడా.

విద్యార్థులు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఫేజులన్నీ మందుకు పనికిరావు. కొన్ని ఫేజులు బ్యాక్టీరియాను చంపకుండా దాని డీఎన్ఏలోనే దూరి నిద్రపోతాయి. కొన్నిసార్లు విషం తయారుచేసే జన్యువును కూడా మోసుకొస్తాయి. కలరా క్రిమికి విషాన్ని ఇచ్చింది అలాంటి ఫేజే. డిఫ్తీరియాలోనూ అంతే. అందుకే ఈ రోజు ఏ ఫేజునైనా రోగికి ఇచ్చే ముందు దాని జీనోమ్, అంటే జన్యు సమాచారం, మొత్తం చదివి చూస్తారు.

1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వోర్ట్ ఈ వింతను మొదట గమనించాడు. 1917లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ డెరెల్ విడిగా కనుక్కుని, ఇది మందు అవుతుందని పట్టుబట్టాడు. 1919లో రక్త విరేచనాలతో ఉన్న పిల్లవాడికి ఇచ్చే ముందు ఆ ద్రావణాన్ని తానే తాగి చూశాడు. ఆయనతో పనిచేసిన జార్జి ఎలియావా 1923లో ఇప్పటి జార్జియా దేశ రాజధాని టిబిలిసీలో సంస్థ పెట్టాడు. 1937లో స్టాలిన్ కాలపు శుద్ధి ఉద్యమంలో ఎలియావాను కాల్చి చంపారు. సంస్థ మాత్రం నిలిచింది. ఈ రోజుకీ అక్కడ ఫేజు వైద్యం జరుగుతోంది. మన దేశం నుంచి కూడా రోగులు వెళ్తున్నారు.

మన దేశం సంగతి. గంగా యమునల నీటిలో కలరా క్రిములు గంటల్లోనే చనిపోతున్నాయని, నీటిని కాచితే ఆ గుణం పోతోందని ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాన్కిన్ 1896లో రాశాడు. ఆయన చూసింది ఫేజుల ప్రభావమేనా అన్న వాదన ఇంకా ఉంది. నాకూ పూర్తి నమ్మకం లేదు. కానీ 1927లో డెరెల్ ఇక్కడికి వచ్చి పంజాబులో కలరా రోగులకు ఫేజులు ఇవ్వడం, ఊరి బావుల్లో కలపడం మాత్రం చరిత్ర. తర్వాత పాట్నాలో ఇగోర్ అషెషోవ్, షిల్లాంగ్‌లో మోరిసన్ ఆ పనిని కొనసాగించారు. అస్సాంలోని నౌగాంగ్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఊరూరా ఫేజు సీసాలు పంచారు. ఆ రోజుల ప్రయోగాల్లో పోల్చి చూసే పద్ధతి సరిగ్గా లేదు. కొన్నిచోట్ల మందు పాడవకుండా కలిపిన రసాయనమే ఫేజులను చంపేసేది. ఏ ఫేజు ఏ క్రిమి మీద పనిచేస్తుందో చూడకుండానే అమ్మిన కంపెనీలూ ఉన్నాయి. ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చింది, ఫేజులను పక్కన పెట్టేశారు.

పక్కన పెట్టింది వైద్యంలోనే. ల్యాబుల్లో ఫేజులు లేకుండా ఒక్క రోజు కూడా గడవలేదు. వంశపారంపర్యం ప్రోటీన్‌లో కాదు డీఎన్ఏలో ఉందని హెర్షీ, చేజ్ 1952లో చూపించింది ఫేజులతోనే. మొదటిసారి పూర్తిగా చదివిన డీఎన్ఏ జీనోమ్ ఫై ఎక్స్ 174 అనే ఫేజుది. అందులో 5,386 అక్షరాలు ఉన్నాయి. 1977లో సాంగర్ బృందం ఆ పని చేసింది. డీఎన్ఏ ముక్కలు కోసే రెస్ట్రిక్షన్ ఎంజైములు ఫేజుల నుంచి కాపాడుకోవడానికి బ్యాక్టీరియా తయారుచేసుకున్నవి. ఆ ముక్కలను అతికించే లైగేజ్ టీ4 ఫేజుది. మీరు ప్రాక్టికల్స్‌లో ఫ్రీజర్ నుంచి తీసే ఆ చిన్న ట్యూబు మీద "టీ4" అని రాసి ఉండేది అందుకే. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లోని ఆర్ఎన్ఏను తయారుచేసిన పాలిమరేజ్ టీ7 ఫేజు నుంచి వచ్చింది. పెరుగు, చీజ్ తోడు బ్యాక్టీరియా ఫేజుల బారిన పడకుండా ఎలా తట్టుకుంటుందని వెతికిన డానిస్కో కంపెనీ శాస్త్రవేత్తలు 2007లో క్రిస్పర్ అనే బ్యాక్టీరియా రక్షణ వ్యవస్థ అసలు పనేమిటో ప్రయోగంతో చూపించారు. జార్జి స్మిత్ 1985లో ఫేజు ఒంటి మీద మనకు కావలసిన ప్రోటీన్‌ను మొలిపించాడు. ఆ పద్ధతిని గ్రెగ్ వింటర్ యాంటీబాడీల మీదికి మళ్ళించాడు. కీళ్ళవాతానికి వాడే అడాలిముమాబ్ అలా పుట్టింది, 2002లో అనుమతి పొందింది. 2018లో స్మిత్, వింటర్‌లకు నోబెల్ వచ్చింది.

ఇంత ఊడిగం చేయించుకుని, రోగి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

తలుపు తెరిపించిన కేసుల్లో ఒకటి 2016లో జరిగింది. అమెరికాలోని శాన్ డియేగోలో ప్రొఫెసర్ టామ్ ప్యాటర్సన్, ఈజిప్టు యాత్రలో సోకిన మొండి బ్యాక్టీరియా అసినెటోబ్యాక్టర్‌తో కోమాలోకి వెళ్ళారు. ఏ యాంటీబయాటిక్ పనిచేయలేదు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాథ్‌డీ ఎపిడెమియాలజిస్టు, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో పరిశోధించే శాస్త్రవేత్త. ఆమె పాత పరిశోధనలు తిరగేసి, ఫేజు శాస్త్రవేత్తలకు మెయిళ్ళు రాసి బతిమాలారు. టెక్సాస్‌లోని యూనివర్సిటీ ల్యాబు, అమెరికా నౌకాదళ ల్యాబు ఫేజులు వెతికి పంపాయి. నరంలోకి ఎక్కించాక ఆయన కోమా నుంచి బయటికొచ్చారు. మధ్యలో బ్యాక్టీరియా ఆ ఫేజులకు కూడా లొంగకుండా మారింది. అప్పుడు దానికి సరిపడే కొత్త ఫేజును వెతికి తెచ్చారు. ఆ మాట యాంటీబయాటిక్ గురించి ఎవరైనా అనగలరా? కొత్త మందు కనిపెట్టడానికి పదేళ్ళు పట్టొచ్చు. కొత్త ఫేజు మురుగునీటిలో వారంలో దొరకొచ్చు.

ఇంకో కేసు లండన్‌లో 15 ఏళ్ళ అమ్మాయిది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యుపరమైన జబ్బు వల్ల రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఆ తర్వాత మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా ఒళ్ళంతా పాకింది. పిట్స్‌బర్గ్‌లో ఫేజు పరిశోధకుడు గ్రాహం హాట్‌ఫుల్ దగ్గర కాలేజీ విద్యార్థులు ఏళ్ళుగా తమ క్లాసు ప్రాజెక్టుల్లో మట్టి నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి పట్టిన వేల ఫేజుల సేకరణ ఉంది. అందులో వెతికితే మూడు పనికొచ్చాయి. వాటిలో 'మడ్డీ' అనేది 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్ళిన వంకాయ నుంచి తీసింది. మిగతా రెండూ బ్యాక్టీరియాను చంపకుండా నిద్రపోయే రకం. వాటిలో నిద్ర పుచ్చే జన్యువును కోసి తీసేసి, చంపే ఫేజులుగా మార్చారు. జన్యువులు మార్చిన ఫేజులను రోగికి ఇవ్వడం అదే మొదటిసారి. గాయాలు మానాయి, అమ్మాయి ఇంటికి వెళ్ళింది. ఆ వంకాయ నుంచి ఫేజు తీసిన విద్యార్థినికి అది ఒక రోగికి మందు అవుతుందని తెలియదు. డిగ్రీ ల్యాబులో చేసిన పని చిన్నదని ఎవరైనా అంటే ఈ కేసు చెప్పండి.

తర్వాత అదే బృందం 20 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. 11 మందిలో మేలు కనిపించింది. సగం పైచిలుకు మాత్రమే. ఫేజు అద్భుతాలు చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. యూరప్‌లో కాలిన గాయాలకు ఫాగోబర్న్ పేరుతో పెద్ద ప్రయోగం జరిగింది. 12 ఫేజులు కలిపిన మిశ్రమాన్ని మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజీన్‌తో పోల్చారు. 2019లో వచ్చిన ఫలితాల్లో ఫేజులే వెనకబడ్డాయి. కారణం వెతికితే, నిలవలో ఫేజుల బలం తగ్గిపోయి, అనుకున్న మోతాదులో అతి కొద్ది భాగమే గాయానికి చేరిందని తేలింది. ఆ పాత రోజుల్లో ఇబ్బంది పెట్టిన నిలవ సమస్యే ఇది. ఫేజు గొప్పతనం గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువ, సీసాలో దాన్ని ఆరు నెలలు బతికించే పని చేసేవాళ్ళు తక్కువ. మన ఫార్మా రంగానికి టీకాలు, ఇంజెక్షన్లు నిలవ చేయడంలో ఉన్న అనుభవం ఇక్కడ నేరుగా పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫేజు వచ్చింది కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదనే మాట కూడా తప్పు. బెల్జియం సైనిక ఆసుపత్రి సమన్వయం చేసిన వరుస 100 కేసుల ఫలితాలు 2024లో వచ్చాయి. 77 శాతం మందికి గుణం కనిపించింది, 61 శాతం మందిలో ఆ బ్యాక్టీరియా పూర్తిగా పోయింది. యాంటీబయాటిక్ కలిపి ఇవ్వని చోట బ్యాక్టీరియా పోయే అవకాశం బాగా తగ్గింది. ఎందుకో యేల్ యూనివర్సిటీ వాళ్ళ పనిలో కొంత తెలుస్తుంది. కనెటికట్‌లోని ఒక చెరువులో వాళ్ళకు దొరికిన ఫేజు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తన ఒంట్లోంచి యాంటీబయాటిక్‌ను బయటికి తోడేసే పంపునే పట్టుకుంటుంది. ఫేజు నుంచి తప్పించుకోవాలంటే ఆ క్రిమి పంపును వదులుకోవాలి. వదులుకుంటే పాత యాంటీబయాటిక్ మళ్ళీ పనిచేస్తుంది. ఎటు తిరిగినా దానికి నష్టమే.

బెల్జియం నుంచి నేర్చుకోవాల్సింది చట్టం గురించి. మామూలు మందు రెడీమేడ్ చొక్కా అయితే, ఫేజు వైద్యం కొలతలు తీసుకుని కుట్టించుకునే చొక్కా. ప్రతి ఫేజుకూ విడిగా వేలమంది మీద ట్రయల్స్ చేసి లైసెన్సు తెమ్మంటే ఎన్నటికీ కాదు. బెల్జియంలో డాక్టరు రాసిన చీటీ మీద ఒక్కో రోగికి ఫార్మసిస్టు ఫేజు మందు తయారుచేసి ఇవ్వొచ్చు. కానీ ఆ ఫేజును ప్రభుత్వ ల్యాబు పరీక్షించి ధ్రువీకరించాలి. మన దేశంలో మనుషుల చికిత్సకు అనుమతి పొందిన ఫేజు మందు ఇంకా లేదు. కాశీలో బనారస్ హిందూ యూనివర్సిటీ వైద్య విభాగంలో గోపాల్ నాథ్ బృందం మానని పుండ్ల మీద ఫేజులతో ఏళ్ళుగా పనిచేస్తోంది. రొయ్యల హ్యాచరీల్లో రొయ్య పిల్లలను చంపే వైబ్రియో బ్యాక్టీరియా మీద మంగళూరు ఫిషరీస్ కాలేజీ శాస్త్రవేత్తలు ఫేజులు వాడి మంచి ఫలితాలు చూపించారు. నా ఉద్దేశంలో మన తీరప్రాంతంలో ఫేజులు ముందు అడుగుపెట్టాల్సింది అక్కడే. రైతు యాంటీబయాటిక్ మానేయాలంటే దాని బదులు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

కావాల్సింది ప్రభుత్వ ఫేజు బ్యాంకు. ఒక్కో ఆసుపత్రి చుట్టూ తిరిగే క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్‌లకు సరిపడే ఫేజులు ఆ ఆసుపత్రి మురుగునీటిలోనే దొరికే అవకాశం ఎక్కువ. నీరు తెచ్చి, 0.22 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టి, ఆ బ్యాక్టీరియా పరిచిన పెట్రీ డిష్ మీద చుక్క వేస్తే, ఫేజు ఉన్నచోట మర్నాటికి స్పష్టమైన మచ్చ కనిపిస్తుంది. ఇక్కడున్న ఎంఎస్సీ విద్యార్థులు చేయగలిగిన పని ఇది, తగిన భద్రత ఉన్న ల్యాబులో. ఆ తర్వాత జీనోమ్ చదవడం, ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషాన్ని తీసేయడం, నిలవ చేయడం పెద్ద సంస్థల బాధ్యత. ఆ డబ్బు ప్రభుత్వమే పెట్టాలి. ఒక్క రోగికి ఒక్కసారి పనికొచ్చే ఫేజు మీద ఏ కంపెనీకీ లాభం రాదు.

డాక్టర్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఒకటే: "ఇదంతా సరే, ఇప్పుడు నా పేషెంటుకు ఏం చేయాలి?" ఈ రోజు మీ చేతిలో ఉన్నది చెబుతాను. మొదటి యాంటీబయాటిక్ డోసుకు ముందే కల్చర్‌కు పంపండి. రిపోర్టు వచ్చాక ప్లేటును పారేసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. అన్ని మందులకూ లొంగని క్రిమి వచ్చినప్పుడు అది వద్దు. గ్లిసరాల్‌లో కలిపి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టి, ట్యూబు మీద తేదీ, నమూనా నంబరు రాయండి. టిబిలిసీ అయినా, కాశీ అయినా, రేపు మన దగ్గర వచ్చే ఫేజు బ్యాంకైనా, ముందు అడిగేది ఆ బతికున్న బ్యాక్టీరియానే. అది లేకపోతే ఏ ఫేజు పనిచేస్తుందో చూడటం కుదరదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.