ఇరవై ఏళ్ల తర్వాత అదే ఎర్ర షార్ట్స్: జార్జ్ ఫోర్‌మన్ మళ్లీ చాంపియన్ ఎలా అయ్యాడు?

[స్క్రీన్ మీద: ఖాళీ బాక్సింగ్ రింగ్, పైన లైట్లు]

నమస్తే. ఈ వీడియో ఒక్క దెబ్బ గురించి. ఒకే ఒక్క కుడిచేతి దెబ్బ.

అది పడింది 1994 నవంబర్ 5న, లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్‌లో. కొట్టినవాడికి 45 ఏళ్లు, తిన్నవాడికి 26. తిన్నవాడి పేరు మైకేల్ మూరర్. అప్పటికి 35 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడిపోని ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్. కొట్టినవాడు జార్జ్ ఫోర్‌మన్. గుండు, పెద్ద పొట్ట, 113 కిలోల ఒళ్లు. ఆ రాత్రి అతను వేసుకున్న ఎర్ర షార్ట్స్ కొత్తవి కావు. 1974లో ఆఫ్రికాలో మొహమ్మద్ అలీ చేతిలో ఓడిపోయిన రోజు వేసుకున్నవే. ఇరవై ఏళ్లు దాచుకున్నాడు.

పదో రౌండ్‌లో ఆ దెబ్బ పడగానే మూరర్ వెల్లకిలా పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టాడు. మూరర్ లేవలేదు. ఫోర్‌మన్ చేతులు పైకెత్తి గంతులేయలేదు. తన మూలకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు.

చాలామంది దీన్ని అదృష్టం అంటారు. ముసలాయన గుడ్డిగా విసిరిన దెబ్బ తగిలింది అంటారు. నేను ఆ ఫైట్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అది గుడ్డి దెబ్బ కాదని గట్టిగా నమ్ముతున్నాను. దానికి ఇరవై ఏళ్ల లెక్క ఉంది. అది అర్థం కావాలంటే ముందు కుర్రాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాలి.

[స్క్రీన్ మీద: హ్యూస్టన్, ఫిఫ్త్ వార్డ్]

పుట్టింది 1949 జనవరి 10న, టెక్సాస్‌లోని మార్షల్‌లో. పెరిగింది హ్యూస్టన్ నగరంలోని ఫిఫ్త్ వార్డ్ అనే పేద పేటలో. బడి మధ్యలోనే ఆగిపోయింది. పదిహేను, పదహారేళ్లకే వీధుల్లో మనుషుల్ని కొట్టి డబ్బులు లాక్కునేవాడు. ఇది అతనే తర్వాత దాచకుండా చెప్పుకున్న మాట. ఒక రాత్రి అలాగే దోచుకుని పారిపోయి ఒక ఇంటి కింద ఖాళీలో దూరాడు. పోలీసు కుక్కలు వాసన పడతాయేమోనని అక్కడున్న మురికి బురద ఒళ్లంతా పూసుకున్నాడు. ఆ బురదలో పడుకుని ఉండగా మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసిందట.

అప్పట్లో అమెరికా ప్రభుత్వం నడిపిన జాబ్ కోర్ అనే పథకం ఉండేది. చదువు మానేసిన పేద పిల్లలకు తిండి, వసతి ఇచ్చి పని నేర్పేది. ఫోర్‌మన్ అందులో చేరాడు. ముందు ఒరెగాన్, ఆ తర్వాత కాలిఫోర్నియా క్యాంపు. అక్కడ కూడా కొట్లాటలే. డాక్ బ్రోడస్ అనే కోచ్, ఆ కోపాన్ని రింగ్‌లో చూపించమని గ్లౌజులు తొడిగాడు. 1967 మొదట్లో తొలి అమెచ్యూర్ ఫైట్. 1968 అక్టోబర్‌లో మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం. అంటే రెండేళ్లు కూడా పట్టలేదు. పతకం గెలిచాక చేతిలో చిన్న అమెరికా జెండా పట్టుకుని రింగ్ నాలుగు వైపులా వంగి దండం పెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఫైట్లు చూసినవాళ్లకు అమెచ్యూర్ బాక్సింగ్ తెలిసే ఉంటుంది. మూడు రౌండ్లు, రౌండ్‌కు మూడు నిమిషాలు. మొదటి గంట నుంచీ వేగంగా ఆడాలి, దాచుకోవడానికి టైమ్ ఉండదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో టైటిల్ ఫైట్ ఇప్పుడు 12 రౌండ్లు. 1970లలో అయితే 15. పదిహేను రౌండ్లంటే 45 నిమిషాలు. అంతసేపు ఆడాలంటే కండబలం ఒక్కటే చాలదు. ఊపిరిని కూడా పొదుపు చేసుకోవాలి. కుర్రాడు ఫోర్‌మన్‌కు ఆ అవసరమే రాలేదు, ఎందుకంటే అతని ఫైట్లు అంతదూరం వెళ్లేవి కావు.

1973 జనవరి 22, జమైకాలోని కింగ్‌స్టన్. అప్పటి చాంపియన్ జో ఫ్రేజియర్, అంతకు రెండేళ్ల ముందు అలీని ఓడించినవాడు. ఫోర్‌మన్ అతన్ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేసి చాంపియన్ అయ్యాడు. ఒక దెబ్బకైతే ఫ్రేజియర్ పాదాలు నేల మీంచి లేచాయి. ఆ తర్వాత టోక్యోలో హోసే రోమన్ ఒక్క రౌండ్ కూడా నిలవలేదు. 1974 మార్చిలో కరాకస్‌లో కెన్ నార్టన్ రెండు రౌండ్లు. ఈ నార్టన్ కూడా అలీని ఓడించినవాడే, దవడ విరగ్గొట్టినవాడు.

అలీని ఓడించిన ఇద్దర్నీ రెండేసి రౌండ్లలో ముగించినవాడు, అలీతో ఆడితే ఏమవుతుంది? అప్పుడందరికీ ఉన్న టెన్షన్, అలీ ప్రాణాలతో బయటపడతాడా అని.

[స్క్రీన్ మీద: కిన్‌షాసా స్టేడియం, రాత్రి]

1974 అక్టోబర్ 30, జైర్ (ఇప్పటి డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) రాజధాని కిన్‌షాసా. అమెరికా టీవీల టైమ్ కోసం ఫైట్ తెల్లవారుజామున నాలుగింటికి పెట్టారు. ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, 40 ఫైట్లు, 40 గెలుపులు, అందులో 37 నాకౌట్లు, అంటే పాయింట్ల లెక్క దాకా వెళ్లకుండా మధ్యలోనే ముగించినవి. అలీకి 32 ఏళ్లు.

అసలు ఈ ఫైట్ సెప్టెంబర్‌లో జరగాలి. ప్రాక్టీసులో మోచేయి తగిలి ఫోర్‌మన్ కంటిపైన చీరుకుపోవడంతో ఐదు వారాలు వాయిదా పడింది. ఆ ఐదు వారాల్లో అలీ జనంలో కలిసి తిరిగాడు. ఫోర్‌మన్ తన జర్మన్ షెపర్డ్ కుక్కతో మూతి ముడుచుకుని ఉన్నాడు. ఆ దేశాన్ని ఏలిన బెల్జియం పోలీసులు వాడింది అలాంటి కుక్కల్నే అని పాపం అతనికి తెలియదు. ఊరంతా అలీ వైపు తిరిగింది. స్టేడియం మొత్తం ఒకే కేక: అలీ, బొమాయే. అలీ, వాణ్ణి చంపెయ్ అని.

రెండో రౌండ్ నుంచి అలీ వెళ్లి తాళ్లకు ఆనుకున్నాడు. బాక్సర్ తాళ్ల దగ్గర ఇరుక్కుంటే ప్రమాదం అని అందరూ అనుకుంటారు. అలీ కావాలనే ఇరుక్కున్నాడు. మోచేతులతో పక్కలు, గ్లౌజులతో ముఖం కాచుకున్నాడు. దెబ్బ పడేటప్పుడు తాళ్లతో పాటు వెనక్కి వాలాడు. దెబ్బ బలంలో కొంత తాళ్లు తినేశాయి, కొంత మోచేతులు తినేశాయి.

ఇక్కడ బాక్సింగ్ ఆడనివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. తగిలిన దెబ్బ కంటే తగలని దెబ్బ ఎక్కువ అలుపు తెస్తుంది. తగిలితే చెయ్యి అక్కడ ఆగుతుంది. తగలకపోతే పోతున్న చేతిని, దాని వెనకే తూలిపోతున్న ఒంటిని మన కండరాలే లాగి ఆపాలి. ఆ వేడిలో, ఆ ఉక్కపోతలో ఫోర్‌మన్ అలాంటివి వందల్లో విసిరాడు. ప్రతిదీ పూర్తి బలంతోనే. ఐదో రౌండ్ అయ్యేసరికి చేతులు బరువెక్కిపోయాయి. ఎనిమిదో రౌండ్ చివర్లో అలీ తాళ్ల దగ్గర్నుంచి తిరిగి వరుసగా కొట్టాడు. ఆఖరి కుడిచేతి దెబ్బకు ఫోర్‌మన్ సుడి తిరిగినట్టు తిరిగి కూలాడు. లేచేసరికి లెక్క అయిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం సాకులు చెప్పాడు. నీళ్లలో మందు కలిపారన్నాడు, లెక్క త్వరగా పెట్టారన్నాడు. చాలా ఏళ్లకు ఆ సాకులన్నీ వదిలేసి, అలీ నన్ను నిజంగానే ఓడించాడని ఒప్పుకున్నాడు. అప్పటికి ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. నా దృష్టిలో రెండో ఫోర్‌మన్ పుట్టింది ఆ ఒప్పుకోలులోనే.

మధ్య కాలం త్వరగా చెప్పేస్తాను. 1976లో రాన్ లైల్‌తో ఒక భయంకరమైన ఫైట్. రెండుసార్లు కిందపడి లేచి ఐదో రౌండ్‌లో గెలిచాడు. 1977 మార్చి 17న ప్యూర్టో రికోలో జిమ్మీ యంగ్ చేతిలో 12 రౌండ్ల తర్వాత పాయింట్ల మీద ఓడాడు. ఆ రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో వేడికి, నీరసానికి తాళలేక చావు అంచుదాకా వెళ్లానని, అక్కడే దేవుడు కనిపించాడని చెప్పాడు. బాక్సింగ్ మానేశాడు. హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు. వీధి మూలల్లో నిలబడి బోధించాడు. పదేళ్లపాటు రింగ్ ఎక్కలేదు. బరువు 136 కిలోలు దాటింది.

1984లో పేద పిల్లల కోసం ఒక యూత్ సెంటర్ పెట్టాడు. తను చిన్నప్పుడు తిరిగినట్టు వాళ్లు వీధుల్లో తిరగకూడదని. దాన్ని నడపడానికి డబ్బులు చాలలేదు. విరాళాల కోసం చెయ్యి చాపడానికి మనసొప్పలేదు. తనకు వచ్చిన పని ఒక్కటే. 1987 మార్చిలో 38 ఏళ్ల వయసులో, 121 కిలోల బరువుతో మళ్లీ రింగ్ ఎక్కాడు. జనం నవ్వారు.

వచ్చింది మాత్రం వేరే బాక్సర్. ఈసారి పరుగులు లేవు, ఊగిపోవడం లేదు. నెమ్మదిగా ఒక్కో అడుగు ముందుకు. రెండు చేతులూ గుండె ముందు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెట్టి కాచుకునే పద్ధతి. అది పాతకాలపు చాంపియన్ ఆర్చీ మూర్ పద్ధతి, ఆ మూర్ ఇతనికి గురువు కూడా. రౌండ్ల మధ్య నిమిషం విరామంలో అందరూ స్టూల్ మీద కూలబడతారు. ఇతను నిలబడేవాడు. ముసలాయన అలిసిపోయాడని ఎదుటివాడు అనుకోకూడదు కదా.

ఇంకా ముఖ్యమైనది జాబ్. జాబ్ అంటే ముందున్న చేత్తో నేరుగా విసిరే పొట్టి దెబ్బ. ఫోర్‌మన్‌కు అది ఎడమ చెయ్యి. మామూలుగా జాబ్ దూరం కొలవడానికి, ఎదుటివాణ్ణి ఆపడానికి వాడతారు. ఫోర్‌మన్ జాబ్ తగిలితే మెడ వెనక్కి వాలిపోయేది. పదేళ్లు ఆడకపోయినా అది పోలేదు. వేగం వయసుతో పోతుంది, బరువు పోదు.

వరుసగా 24 గెలిచాడు. 1991 ఏప్రిల్‌లో 42 ఏళ్ల వయసులో చాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ ఆడి పాయింట్ల మీద ఓడాడు. నవ్వినవాళ్లు ఆ రాత్రి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1993లో టామీ మోరిసన్ చేతిలో ఇంకో ఓటమి. ఇక చాలు అనుకున్నారు అందరూ.

1994 ఏప్రిల్‌లో మూరర్ హోలీఫీల్డ్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. ఫోర్‌మన్ వయసు చూసి, ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీఏ అతనికి టైటిల్ ఫైట్ ఇవ్వనంది. అతను కోర్టుకు వెళ్లి గెలిచి, అనుమతి తెచ్చుకున్నాడు.

[స్క్రీన్ మీద: మూడు స్కోర్‌కార్డులు. 88–83, 88–83, 86–85]

ఇప్పుడు ఆ పదో రౌండ్. ముందు ఈ అంకెలు చూడండి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. తొమ్మిది రౌండ్లయ్యాక ఇద్దరు జడ్జిల లెక్కలో మూరర్ 88, ఫోర్‌మన్ 83. అంటే తొమ్మిదింటిలో ఏడు మూరర్‌వే. మిగిలింది మూడు రౌండ్లు. ఆ మూడూ ఫోర్‌మన్ గెలిచినా తేడా ఐదు నుంచి రెండుకు తగ్గుతుంది, అంతే. ఓటమి ఖాయం. నాకౌట్ తప్ప వేరే దారి లేదు.

మరి తొమ్మిది రౌండ్లూ ఏం చేశాడు? జాబ్ విసురుతూ, దెబ్బలు తింటూ, ఎదురుగా నిలబడ్డాడు. ముఖం వాచింది. అయినా కిన్‌షాసాలోలాగా ఎగబడలేదు.

మూరర్ ఎడమచేతి వాటం బాక్సర్. బాక్సింగ్‌లో సౌత్‌పా అంటారు. సౌత్‌పాకు కుడిచేతి వాటం వాడు ఎదురైతే, అతని కుడిచేతి దెబ్బ వచ్చే దారి నేరుగా ఉంటుంది. అడ్డుగా భుజం ఉండదు. అందుకే సౌత్‌పా ఎప్పుడూ తన కుడివైపుకు జరుగుతూ ఉండాలి, ఆ దారిలోంచి తప్పుకోవాలి. మూరర్ ట్రైనర్ టెడ్డీ అట్లాస్ ఆ రాత్రంతా అతనికి చెబుతున్నది అదే, ఎదురుగా నిలబడొద్దని. గెలుస్తున్నవాడికి ఆ మాట చెవికెక్కడం కష్టం. మూరర్ జరగడం తగ్గించాడు. ఫోర్‌మన్ నెమ్మదితనానికి అలవాటు పడిపోయాడు.

పదో రౌండ్‌లో జాబ్, వెంటనే కుడిచెయ్యి. మళ్లీ జాబ్, కుడిచెయ్యి. మూరర్ కాళ్లు ఆగిపోయాయి. ఆఖరిది చాలా పొట్టి దెబ్బ. పెద్దగా చెయ్యి వెనక్కి లాగలేదు, ఊపలేదు. గ్లౌజుల మధ్య సందులోంచి నేరుగా గడ్డం మీదకి వెళ్లింది. రౌండ్‌లో 2 నిమిషాల 3 సెకన్ల దగ్గర ఫైట్ అయిపోయింది. 45 ఏళ్ల 299 రోజుల వయసులో హెవీవెయిట్ చాంపియన్. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ రాత్రి ఫోర్‌మన్ మూలలో ఉన్న ట్రైనర్ ఎవరో తెలుసా? ఏంజెలో డండీ. ఇరవై ఏళ్ల కింద కిన్‌షాసాలో అలీ మూలలో ఉన్నవాడు.

మిగతా కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. అతని పేరుతో వచ్చిన వంటింటి గ్రిల్ పది కోట్లకు పైగా అమ్ముడైంది. ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆఖరి ఫైట్ 1997 నవంబర్‌లో షానన్ బ్రిగ్స్‌తో. ఓడినట్టు ప్రకటించారు. చూసినవాళ్లలో చాలామంది ఫోర్‌మనే గెలిచాడన్నారు, నాకూ అలాగే అనిపించింది. మొత్తం 81 ఫైట్లు, 76 గెలుపులు, అందులో 68 నాకౌట్లు. 2025 మార్చి 21న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మూరర్ ఫైట్ వీడియో దొరికితే పదో రౌండ్ ఒకసారి చూడండి. ఆఖరి కుడిచెయ్యి కోసం ఎదురుచూడకండి, అది ఎలాగూ కనిపిస్తుంది. రౌండ్ మొదటి నుంచి ఫోర్‌మన్ ఎడమ చేతిని మాత్రమే చూడండి. జాబ్‌లు లెక్కపెట్టండి. తర్వాత వెనక్కి జరిపి, ఈసారి మూరర్ పాదాలు చూడండి, అవి ఎక్కడ ఆగిపోయాయో.